డార్విను గృహజీవితము

చార్లెస్ డార్విను మహాశయుడు జీవపరిణామ సిద్ధాంతమును వెల్లడించిన శాస్త్రజ్ఞుడని ఎల్లరు నెరుగుదురు. ఆయన పదుగురు బిడ్డల తండ్రి యనియు, అందు ముగ్గురను బాల్యముననే కోల్పోయెననియు ఎరిగినవారు కొలదిమందియే.

లండను నగరమునకు చేరువ, నాడు కెంటు మండలమున చేరియుండిన డౌను అను పల్లెలో 1842లో డార్విను కాపురముండ నారంభించి, 1882లో మరణించువరకు నచటనే నివసించెను. భార్య యెమ్మా ఆయనకు మేనమామ కూతురు. మేనరికము మనవారి సొత్తే యనుకొనరాదు! రాత్రివేళ దంపతులు పాచికలతో బాక్‌గామన్ అను ఆట ఆడి, గెలుపుల లెక్క వ్రాసియుంచెడివారు. 1876 నాటికి తాను 2795 ఆటలును, భార్య 2490 ఆటలును గెలిచినట్లు డార్విను మిత్రున కొకనికి సగర్వముగా వ్రాసెను.

పిల్లల అల్లరిని సహింపని పండితు లెందరో కలరు. డార్విను అట్టివాడు కాడు. నాలుగేండ్ల కుమారుడు ఆరు పెన్నీలిచ్చెదను, పని మాని యాడుకొన రమ్మని తండ్రిని పిలిచెనట. తోటలో తుమ్మెదలు పోవు త్రోవలను కనిపెట్టుటకు ఆయన బిడ్డలనే కావలి నిలిపెను. 1859లో వెలువడిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథపు వ్రాతప్రతి చాలవరకు నశించెను. మిగిలిన కాగితములలో కొన్నిటి వెనుక పిల్లలు గీసిన బొమ్మలు కలవు. ఒకదానిపై కాయగూరలు సైనికులై పోరాడుచుండును. ఆ బొమ్మలే యా కాగితములను కాపాడినవి.

రెండవ బిడ్డ ఆనీ యనిన తండ్రికి ప్రాణము. ఆయన జుట్టును అరగంటసేపు సవరించుట ఆమెకు వేడుక. ఆమె జబ్బుపడగా, 1851లో మాల్వర్న్ పట్టణమునకు వైద్యమునకై కొనిపోయిరి. నిండు గర్భిణి యగు నెమ్మా కదలలేక ఇంట నిలిచెను. డార్విను బిడ్డ మంచమునొద్ద కూర్చుండి భార్యకు జాబులు వ్రాయుచుండెను. ఒకనాడు ఆశ, మరునాడు నిరాశ. ఏప్రిల్ 23న పదేండ్ల ఆనీ కన్నుమూసెను. డార్విను అంత్యక్రియలకైన నాగక భార్యను చేరెను. వారము గడచిన పిదప, ముందు కాలమున జ్ఞాపకమునకు వచ్చుటకై, బిడ్డ రూపమును, మాటలను, చేష్టలను కాగితముపై వ్రాసికొనెను. అది అచ్చునకై వ్రాసినది కాదు.

1858 జూన్ 28న కడగొట్టు బిడ్డయు జ్వరముచే మరణించెను. మూడు దినములకు, జూలై 1న, లండనులోని పండితసభలో డార్విను సిద్ధాంతము తొలిసారి చదువబడెను. ఆ సభలో ఆయన లేడు.

ఆనీ వ్రాతపెట్టెను ఎమ్మా దాచియుంచెను. చాలకాలమునకు వంశీయు డొకడు దానిని తెరచి చూడగా, బిడ్డ వాడిన కలములు, కాగితములతోపాటు, ఆమె జబ్బును గూర్చి తండ్రి దినదినము వ్రాసికొనిన పుటలు కనబడెను.