ఇల్లు చిన్నదైతే పాపను తీసేసుకుంటారా?

ప్ర: విజయవాడలో ఉంటున్నాను. మూడేళ్లుగా ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో మా విడాకుల కేసు నడుస్తోంది. మధ్యంతర ఆర్డరు ప్రకారం ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంది. రెండో శనివారం, నాలుగో శనివారం వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తారు. ఇప్పుడు నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, జీతం ఇక్కడికి దాదాపు రెట్టింపు. మియాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్ చూసుకున్నాను. మా అమ్మ కూడా వచ్చి మాతో ఉంటానంటోంది. ఇది తెలిసి ఆయన పిటిషన్ వేశారు. తెనాలిలో తనకు సొంత డాబా ఉందట, పాపకు విడిగా గది ఉందట, నేను అగ్గిపెట్టెలాంటి ఇంట్లో పెట్టి పెంచబోతున్నానట, కాబట్టి కస్టడీ తనకు మార్చాలట. ఇల్లు చిన్నదని పాపను నా దగ్గర్నుంచి తీసేస్తారా? అసలు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది?
- ఒక తల్లి, విజయవాడ

జ: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తానమ్మా, ఎందుకంటే అక్కడ తప్పటడుగు వేస్తే మొదటి ప్రశ్నకు జవాబు మీకు వ్యతిరేకంగా మారిపోతుంది. చెప్పకుండా వెళ్లకండి. మీ మధ్యంతర ఆర్డరు కాపీ తీసి ప్రతి వాక్యం చదవండి. కోర్టు అనుమతి లేకుండా పాపను ఊరు దాటించకూడదన్న షరతు చాలా ఆర్డర్లలో ఉంటుంది. కోర్టు గార్డియన్‌గా నియమించినవాళ్లు అనుమతి లేకుండా పిల్లలను ఆ కోర్టు పరిధి దాటించకూడదని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 26వ సెక్షన్ కూడా చెబుతోంది. మీ ఆర్డరులో అలాంటి షరతు లేకపోయినా, మీరు వెళ్లిపోగానే శనివారాల ఏర్పాటు దెబ్బతింటుంది. ఆ మర్నాడే అవతలి లాయరు "ఆర్డరు ధిక్కరించింది" అని పిటిషన్ వేస్తారు. అప్పుడు ఇంటి సంగతి ఎవరూ అడగరు, మీ ప్రవర్తన గురించే వాదన నడుస్తుంది. ఉద్యోగంలో చేరే తేదీకి నెలా రెండు నెలల ముందే అనుమతి కోసం అర్జీ పెట్టండి. ఆఫర్ లెటరు, అద్దె అగ్రిమెంటు, పాపను చేర్చబోయే స్కూలు వివరాలు దానికి జతచేయండి. కుదిరితే జూన్‌లో స్కూళ్లు తెరిచే సమయానికి మారేలా చూసుకోండి. చదువు మధ్యలో స్కూలు మార్చడం అవతలివాళ్ల చేతికి మనమే ఇచ్చే ఆయుధం.

ఇక ఇల్లు. బిడ్డకు ఇన్ని చదరపు అడుగులు ఉండాలని మన చట్టాల్లో ఎక్కడా లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ సంక్షేమం. తండ్రికి డబ్బుంది, తల్లికి లేదు అన్న ఒక్క కారణంతో బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీయరు. అమెరికాలో బాగా స్థిరపడిన ఒక తండ్రి, ఇండియాలో తల్లి దగ్గర పెరుగుతున్న కొడుకు తనకు కావాలని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1997లో కోర్టు ఆ పిల్లవాణ్ని తల్లి దగ్గరే ఉంచింది. ఇన్నేళ్లుగా సాకిన మనిషి నుంచి విడదీయడం వాడికి మేలు కాదనుకుంది.

అలాగని ఇల్లు లెక్కలోకి రాదనుకోకండి. వస్తుంది, మీ ఆయన చెప్పే లెక్కలో మాత్రం కాదు. జడ్జిగారు పాపను ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడితే అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. రాత్రి ఎవరి పక్కన పడుకుంటావమ్మా? స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? హోంవర్క్ ఎక్కడ కూర్చుని రాస్తావు? సాయంత్రం నాలుగు గంటలకు తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్లే పిల్లకు ఆరు గదులున్నా ఏం లాభం? మీ అమ్మగారు వచ్చి ఉంటానన్నారు చూడండి, అదే మీ కేసులో అన్నిటికన్నా బలమైన మాట. ఆవిడ చేత ఒక అఫిడవిట్ ఇప్పించండి. తెనాలి ఇంట్లో పగలంతా ఎవరుంటారో మీ కౌంటర్‌లో మర్యాదగానే అడగండి. అక్కడ నాయనమ్మ ఉండి ప్రేమగా చూసుకునే మాటయితే అదీ ఒప్పుకోండి. ఒప్పుకున్నందువల్ల మీకు నష్టం లేదు.

మియాపూర్ పోర్షన్‌కు అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి చూడండి. హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ అని చెప్పి మేడ మీద రేకుల గదులు అద్దెకిస్తున్నారు. మే నెలలో ఆ గదిలో పెద్దవాళ్లే ఉండలేరు. బాత్రూమ్ ఇంటి లోపలే ఉందా, లేక వరండా దాటి పక్కవాళ్లతో కలిసి వాడాలా? లోపల గడియ సరిగ్గా పడుతుందా? ఎనిమిదేళ్ల ఆడపిల్లకు విడి బెడ్‌రూమ్ కన్నా ఆ గడియ ముఖ్యం. మెట్లకు, మేడకు పిట్టగోడ ఉందా? ఎండాకాలంలో ట్యాంకరు కొనాల్సి వస్తే ఎవరు కొంటారు? ఈ సంగతులు కోర్టు అడక్కపోయినా మనం చూసుకోవాల్సినవే. అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబుంటుంది. అగ్రిమెంటు మీ పేరు మీదే రాయించుకోండి. పదకొండు నెలలకు రాసినా రెన్యూ చేస్తామన్న మాట అందులో ఉండేలా చూడండి. చిన్న ఇంటివల్ల చెడిన కేసులు నాకు గుర్తు లేవు. ఏడాదిలో మూడు ఇళ్లు, రెండు స్కూళ్లు మారి చెడిన కేసులు మాత్రం చూశాను.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. కూతురు ఇరుకు ఇంట్లో ఉండబోతోందని బాధపడే తండ్రి ఆ ఇంటి అద్దెలో వాటా ఇవ్వాలి. హిందూ వివాహ చట్టం 24, 26 సెక్షన్ల కింద మీకూ పాపకూ భరణం అడగవచ్చు. హింస ఉన్న కాపురమైతే 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద నివాసమో, దానికి అద్దో ఇప్పించమని అడగవచ్చు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయం, ఖర్చులు అన్నీ అఫిడవిట్‌లో చూపించాలి. తెనాలి డాబా ఆయన పిటిషన్‌లో ఎంత ఘనంగా ఉందో, ఆ అఫిడవిట్‌లోనూ అంతే ఘనంగా రావాలి.

కోర్టును ఒప్పించేది చివరికి తండ్రి పాత్ర గురించి మీరు పెట్టే ప్రతిపాదనే. హైదరాబాద్ నుంచి తెనాలికి రెండు వారాలకోసారి రావడం పిల్లకు కష్టం. బదులుగా నెలకు ఒక వారాంతం మొత్తం, దసరా, సంక్రాంతి సెలవుల్లో సగం, వేసవిలో ఒక నెల, వారంలో ఇన్ని రోజులు వీడియో కాల్ అని మీరే రాసివ్వండి. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఫోన్లో, వీడియోలో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. అంతకుముందు 2010లో, ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చిన ఒక తల్లి విషయంలో న్యాయమూర్తులు బాబుతో స్వయంగా మాట్లాడి, తండ్రి కలుసుకునే ఏర్పాట్లు మార్చి, తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు. హైదరాబాద్ అంతకన్నా చాలా దగ్గర.

ఒక చిక్కు ముందే తెలిసి ఉండాలి. మీరు మారినా కేసు విజయవాడలోనే ఉంటుంది. రెండు రాష్ట్రాలయ్యాక అక్కడి కేసును హైదరాబాద్‌కు మార్చమని అడగాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఆ ఖర్చు ఇప్పుడే నెత్తిన వేసుకోవద్దు. వాయిదాలకు సెలవు పెట్టుకుని రావడమే నయం. లాయరు ఫీజు భారమైతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి.

ప్ర: మాది వరంగల్. నాలుగు నెలల క్రితం నా భార్య ఆరేళ్ల బాబును తీసుకుని చీరాలలో వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉంటున్నారు. బాబుకు ఆయాసం ఉంది, వాడు పడుకునేది పొయ్యి ఉన్న గదిలో. వెళ్లినప్పుడల్లా ఫొటోలు తీస్తున్నాను. ఇవి చూపిస్తే కస్టడీ నాకు వస్తుందా?
- ఒక తండ్రి, వరంగల్

జ: మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి బాబు ఆయాసం, రెండోది బావమరిది పేదరికం. మొదటిది కోర్టుకు తీసుకెళ్లండి, రెండోది వదిలేయండి. ఏడుగురు ఉన్న ఇంట్లో ఒక బిడ్డ ఉండటం నేరమైతే మన ఊళ్లలో సగం మంది తల్లిదండ్రులు ముద్దాయిలే అవుతారు. కానీ పొగ పట్టే గదిలో ఆయాసం ఉన్న బిడ్డ పడుకోవడం నిజమైన ప్రమాదం, కేసు తేలేదాకా ఆగే విషయం కాదు.

ముందు ఈ వారంలోనే బాబును చూసే డాక్టరుతో మాట్లాడి, పొగకు దూరంగా ఉంచాలని కాగితం మీద రాయించుకోండి. దాన్ని మీ భార్యకు పంపండి, తిట్లు లేకుండా. దాంతోపాటు చీరాలలోనే వేరే పోర్షన్ తీసుకోవడానికి నెలనెలా ఇంత పంపిస్తానని రాయండి, పంపండి కూడా. ఇది ఆమెకు మీరు చేసే దానం కాదు, మీ కొడుకు ఊపిరి సంగతి. ఆమె తీసుకుంటే బాబుకు మేలు జరుగుతుంది. కాదంటే, మీరు అడిగిందీ ఆమె కాదన్నదీ తేదీలతో సహా మీ దగ్గర ఉంటాయి. కోర్టులో ఆ కాగితాలకున్న విలువ మీ ఫోన్‌లోని ఫొటోలకు లేదు. ఇల్లు చూసి రావడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించమని కోర్టును అడగవచ్చు. ఆ పని ఆ మనిషిని చేయనివ్వండి.

మీ ఫొటోలు ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. తండ్రి వచ్చినప్పుడల్లా గోడలు, పక్కలు ఫొటో తీస్తుంటే, "రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకున్నారు రా?" అని అడుగుతుంటే, ఆరేళ్లవాడికి అర్థమైపోతుంది. కొన్నాళ్లకు నాన్నతో మాట్లాడాలంటే అమ్మ మీద చాడీ చెప్పాలని వాడు నేర్చుకుంటాడు. కౌన్సెలర్ల దగ్గర ఇలాంటి పిల్లలు నోరు విప్పరు, బల్ల అంచు గీకుతూ కూర్చుంటారు.

కేసు ఎక్కడ వేయాలన్నది బాబు మామూలుగా నివసించే చోటును బట్టి ఉంటుంది. వరంగల్‌లో పుట్టి, అక్కడే బడికెళ్లిన పిల్లవాడు నాలుగు నెలలుగా చీరాలలో ఉంటే అది వాదనకు తావున్న విషయం. ఏడాది గడిచి, వాడు అక్కడి బడికి అలవాటు పడ్డాక ఆ వాదన పలచబడుతుంది. వేయదలుచుకుంటే ఆలస్యం చేయకండి. ఐదేళ్లు నిండేవరకు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం వర్తించే వయసు మీ బాబు దాటేశాడు. అంతమాత్రాన వాడు వెంటనే మీ దగ్గరకు వచ్చేస్తాడనుకోవద్దు. మీరు డ్యూటీకి వెళ్తే వరంగల్ ఇంట్లో వాడికి ఇన్‌హేలర్ ఎవరిస్తారో ముందు ఆలోచించి పెట్టుకోండి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ప్ర: టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉంటున్నాను. విడాకులయ్యాయి, పిల్లలిద్దరూ నా దగ్గర. డాలస్ కౌంటీ, దాన్ని ఆనుకున్న కౌంటీలు దాటకూడదని డిక్రీలో ఉంది. అపార్ట్‌మెంట్ అద్దె మోయలేకపోతున్నాను. ఆస్టిన్‌లో మా తమ్ముడి సొంత ఇంట్లో రెండు గదులు ఇస్తానంటున్నాడు. వెళ్లవచ్చా?
- ఒక సోదరి

జ: డిక్రీ మార్పించుకోకుండా వెళ్లలేరమ్మా. ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీ డాలస్‌ను ఆనుకుని లేదు. పిల్లల తండ్రి ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి కోర్టు నుంచి కొత్త ఆర్డరు తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నది రేపు నిలవదు. ఒప్పుకోకపోతే పరిస్థితులు బాగా మారాయనీ, ఈ మార్పు పిల్లలకు మేలనీ మీరు చూపించాలి. అద్దె పెరిగిందన్నది ఒక్కటే చాలకపోవచ్చు. పిల్లల మంచీచెడ్డా చూసుకునేందుకు మేనమామ కుటుంబం, దగ్గర్లో స్కూలు, మీకు అక్కడ ఉద్యోగం, తండ్రి ప్రయాణానికి మీరు భరించే ఖర్చు - ఇవన్నీ కలిస్తే వాదన నిలబడుతుంది.

ఈలోగా డాలస్‌ను ఆనుకున్న కౌంటీల్లో అద్దె తక్కువున్న ఇళ్లు చూడండి. కాఫ్మన్, ఎల్లిస్ కౌంటీలు మీ డిక్రీ పరిధిలోకే వస్తాయి. అక్కడికి మారినా టెక్సాస్ చట్టం ప్రకారం చిరునామా మార్పు గురించి అవతలివారికి 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లీజు మీద సంతకం పెట్టే ముందు డిక్రీ పట్టుకుని అక్కడి లాయరును ఒక గంట కలవండి.