మగ్గం నుండి ఓడ దాకా

సోలాపూరులో హైదరాబాదు వెళ్ళే రహదారి వైపున విడీ ఘర్కుల్ అనే వాడ ఉంది. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. బీడీ కార్మికుల కోసం కట్టిన ఇండ్లు కనుక ఆ పేరు వచ్చింది. పేరు మరాఠీదే గాని, అక్కడి వీధుల్లో ఎక్కువగా వినిపించే మాట తెలుగు. తాతముత్తాతల కాలంలో కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాలనుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలీల సంతతివారు వీరు. పొద్దెక్కేసరికి గడపల ముందు చేటలు, చేటల్లో తడిపిన తునికాకు కనిపిస్తాయి. ఆడవారు బీడీలు చుడుతుంటే మగవారు సాంచాల కార్ఖానాలకు బయలుదేరుతారు. అక్కడ తయారయ్యేవి సోలాపూరు చద్దర్లు, టవళ్ళు.

ఈ వాడనుండి సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. సముద్రాన్ని ఒక్కసారైనా చూడని నేతగాడు ఇక్కడ ఉండడంలో వింత లేదు. అయితే అతని చేతిలో తయారైన టవలు గల్ఫ్ దేశాలకూ, ఐరోపాకూ, అమెరికాకూ వెళ్తుంది. ఎక్కడో ఎర్రసముద్రంలో ఓడలకు ఆపద వస్తే, దాని దెబ్బ ఏదో ఒక వారం అతని కూలి మీద పడుతుంది. ఆ సంబంధం ఎటువంటిదో తెలుసుకోవాలంటే మొదట ఈ ఊరిలోనే పుట్టిన ఒక వ్యక్తిని గురించి చెప్పుకోవాలి.

వాల్‌చంద్ హీరాచంద్ 1882 నవంబరు 23న సోలాపూరులో జన్మించారు. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసే జైన కుటుంబం వారిది. తాతల నాటి వ్యాపారం ఆయన మనసుకు పట్టలేదు. లక్ష్మణరావు ఫాటక్ అనే ఆయనతో కలిసి రైలు మార్గాల నిర్మాణానికి గుత్తేదారుగా పనిచేశారు. బార్శీ లైట్ రైల్వే పని వారు చేపట్టిన తొలి పనులలో ఒకటి. నేల మీద పట్టాలు వేయించిన మనిషికి నీటి మీదికి దృష్టి మళ్ళింది 1919లో. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గ్వాలియరు మహారాజు సింధియా ఒక పాత ఓడను కొని, ఆసుపత్రి ఓడగా నడిపించాడు. దాని పేరు లాయల్టీ. యుద్ధం ముగిసిన తరువాత అది అమ్మకానికి వచ్చింది. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలైనవారు కలిసి దానిని కొని, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయినుండి లండనుకు బయలుదేరింది. భారతీయుల కంపెనీకి చెందిన ఓడ ఆంగ్లేయుల రేవుకు సాగిపోవడం ఆనాడు సామాన్య విషయం కాదు. ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినంగా పాటించడం ఆ ప్రయాణానికి గుర్తుగానే.

ఓడ కొన్నంత సులువుగా వ్యాపారం సాగలేదు. మన తీరంలో సరకు రవాణా అంతా అప్పటికి ఆంగ్లేయ కంపెనీల చేతిలో ఉంది. కొత్త కంపెనీ వచ్చిందనగానే వారు కిరాయిలు తెగ్గోశారు. నష్టానికైనా ఓడ నడిపి పోటీదారును ముంచడం వారి ఎత్తుగడ. ఈ విధంగా మునిగిపోయిన స్వదేశీ కంపెనీలు అంతకు ముందు చాలా ఉన్నాయి. సింధియా కంపెనీ మునగలేదు, కాని 1923లో ఒక ఒప్పందానికి తల ఒగ్గవలసివచ్చింది. దాని ప్రకారం సింధియా ఓడలు ఇండియా, బర్మా, సిలోను తీరాల సరకు రవాణాకే పరిమితమయ్యాయి. లండను దారి మూసుకుపోయింది. ఈ ఒప్పందాన్ని ఓటమి అన్నవారున్నారు. అయితే బ్రతికి ఉన్నందువల్లనే కదా తరువాతి పని సాధ్యమైంది.

ఆ తరువాతి పని తెలుగు తీరంలో జరిగింది. 1933 అక్టోబరు 7న విశాఖపట్టణం కొత్త నౌకాశ్రయంలోకి మొదటి ఓడ ప్రవేశించింది. అది సింధియా కంపెనీ వారి జలదుర్గ. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున గాలివానకు బెదరకుండా ఓడలు నిలిచే ఆ చోటు వాల్‌చంద్‌కు నచ్చింది. ఓడలు కొనడం కాదు, ఇక్కడే కట్టాలన్నది ఆయన కోరిక. కలకత్తాలో అనుకూలమైన స్థలం దొరకకపోవడంతో విశాఖను ఎంచుకొన్నారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. పని కుంటుపడింది, కాని ఆగిపోలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జల ఉష అనే ఓడను నీటిలోకి ప్రవేశపెట్టారు. స్వతంత్ర భారతంలో నిర్మించిన మొదటి పెద్ద ఓడ అదే. తరువాత ఆ కేంద్రం ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. వాల్‌చంద్ 1953లో మరణించారు. తెలంగాణ నేతగాండ్రు సోలాపూరుకు వచ్చి బట్ట నేశారు. సోలాపూరు మనిషి తెలుగు తీరానికి వెళ్ళి ఓడ కట్టించాడు.

తెలుగువారికి సముద్ర వ్యాపారం కొత్త కాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దానిని అభయశాసనం అంటారు. గాలివానకు చిక్కి ఓడ పగిలినా, దారి తప్పి వేరొక రేవుకు కొట్టుకువచ్చినా అందులోని సరకంతా ఆ తీరపు రాజుదేనన్నది అంతకు ముందున్న పద్ధతి. సర్వస్వం పోగొట్టుకొని ఒడ్డున పడిన వర్తకుణ్ణి రాజే దోచుకొనేవాడన్నమాట. గణపతిదేవుడు ఈ పద్ధతిని మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ఆ సుంకం సరకులో ముప్పయ్యో వంతు. ఓడ ఎక్కిన సరకు యజమానికి కావలసిన మొదటి వస్తువు ధైర్యమని ఆ రాజుకు తెలుసు. మన సన్నని వస్త్రాలు ఆ రేవునుండే ఎగుమతి అయ్యేవి. తరువాతి కాలంలో మచిలీపట్టణం ఆ స్థానాన్ని పొందింది. డచ్చివారు 1605లోనూ, ఆంగ్లేయులు 1611లోనూ అక్కడికి వచ్చింది మన అద్దకపు బట్టల కోసమే.

ఇక సోలాపూరు టవలు ఓడ ఎక్కే తీరును చూద్దాం. కార్ఖానాలో నేసిన బట్ట రంగు, ఉతుకు, కుట్టు ముగించుకొని అట్టపెట్టెలలోకి చేరుతుంది. ఆ పెట్టెలను కంటెయినర్ అనే పెద్ద ఇనుపపెట్టెలో సర్దుతారు. చిన్న కంటెయినరు పొడవు 20 అడుగులు, వెడల్పు 8 అడుగులు. తలుపు మూసి ముద్ర వేసిన తరువాత, దారిలో తనిఖీకి తప్ప, కొన్నవారి ఊరు చేరేదాకా దానిని ఎవరూ తెరవరు. లారీ మీద పుణె మీదుగా న్హావా శేవాలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు పోతుంది. ముంబయి రేవు మీద భారం తగ్గించడానికి 1989లో ప్రారంభించిన రేవు అది. 2024-25లో అక్కడ 70 లక్షలకు మించిన కంటెయినర్లు ఎక్కి దిగాయి. 20 అడుగుల పెట్టెను ఒకటిగా లెక్కించే పద్ధతిలో చెప్పిన సంఖ్య ఇది.

ఈ పెట్టె ఆలోచన అమెరికాలో లారీలు నడిపిన మాల్కమ్ మెక్లీన్ అనే అతనిది. ఒకనాడు రేవులో తన లారీలోని పత్తి బేళ్ళు దించడానికి రోజంతా కాచుకొని ఉండవలసివచ్చిందనీ, మూటమూటకూ ఇంత ఆలస్యమెందుకు, లారీ మీది పెట్టెనే ఓడ మీద పెట్టరాదా అనిపించిందనీ అతడు చెప్పుకొన్నాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో న్యూఅర్క్ నుండి హూస్టనుకు బయలుదేరింది. వారం రోజులు పట్టే పని గంటల్లో ముగియసాగింది. దొంగతనాలు తగ్గాయి, కిరాయి తగ్గింది. మరొకటి కూడా జరిగింది. మూటలు వీపున మోసిన కళాసీల అవసరం తగ్గిపోయింది. ముంబయి, కలకత్తా, లండను, న్యూయార్కు, ఏ రేవైనా కథ ఒకటే. మరమగ్గం వచ్చినప్పుడు చేనేత ఇండ్లలో జరిగినదేమిటో తెలిసిన సోలాపూరువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పెట్టెతో పాటు ఒక కాగితం కూడా ప్రయాణం చేస్తుంది. సరకు ఓడలోకి ఎక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం అది. ఆ పత్రం ఎవరి చేతిలో ఉంటే సరకు వారిది. దానిని బ్యాంకు ద్వారా కొన్నవారికి పంపి, డబ్బు రాబట్టుకొంటారు. చాలామంది కొనుగోలుదార్లు సరకు చేరిన తరువాతనో, ఇంకా కొన్నాళ్ళ గడువు తరువాతనో డబ్బు ఇస్తారు. ఈలోగా కార్ఖానాదారు నూలు కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి, వారం వారం కూలి ఇవ్వాలి. పెద్ద మిల్లుకు బ్యాంకు అప్పు ఇస్తుంది. పది ఇరవై సాంచాలు ఉన్నవాడు వడ్డీకి తేవాలి. కనుక ఓడ రెండు వారాలు ఆలస్యమైతే, అతని వడ్డీ రెండు వారాలు పెరుగుతుంది. తట్టుకోలేనివాడు కొన్ని సాంచాలు ఆపుతాడు. ఓడకూ మగ్గానికీ ఉన్న ముడి ఇక్కడ ఉంది.

ఆ ముడి ఎంత గట్టిదో 2020 తరువాత తెలిసివచ్చింది. కోవిడ్ కాలంలో ఓడలు వెళ్ళాయి గాని, ఖాళీ పెట్టెలు తిరిగి రాలేదు. అమెరికా రేవుల్లో అవి గుట్టలుగా పడి ఉంటే, ఇక్కడ సరకు సర్దడానికి పెట్టె దొరకలేదు. కిరాయి కొన్ని రెట్లు పెరిగింది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కొని ఆరు రోజులు దారి మూసివేసింది. అందులోని 25 మంది నావికులూ భారతీయులే. ఓడను కదిలించినా ఈజిప్టు దానిని వెంటనే వదలలేదు, నష్టపరిహారం తేలేదాకా జూలై వరకు నిలిపివేసింది. ఇక్కడ ఒక పాత సముద్ర న్యాయం పైకి వచ్చింది. ఓడను ఆపదనుండి రక్షించడానికి అయిన ఖర్చును ఓడ యజమానితో పాటు అందులో సరకు ఉన్న ప్రతివారూ పంచుకోవాలన్నదే ఆ న్యాయం. బీమా చేయించని చిన్న వర్తకునికి అది పిడుగుపాటు. మోటుపల్లి శాసనంనాటి భయం మరొక రూపంలో ఇంకా ఉంది.

2023 నవంబరు నుండి ఎర్రసముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీలు ఓడలపై దాడులు మొదలుపెట్టారు. వారు పట్టుకొన్న గెలాక్సీ లీడర్ అనే ఓడలోని 25 మంది నావికులు 2025 జనవరిలో గాని విడుదల కాలేదు. దాడులకు జంకిన పెద్ద ఓడ కంపెనీలు 2024, 2025 సంవత్సరాలలో సూయజ్ దారి మాని, ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి ఐరోపాకు ఓడలను నడిపాయి. వాస్కోడగామా వచ్చిన దారి అది! ప్రయాణానికి పది నుండి పద్నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. ఇంధనం, బీమా, కిరాయి అన్నీ పెరిగాయి. రేవుదాకా మాత్రమే బాధ్యత అమ్మినవాడిది, సముద్రపు కిరాయి కొన్నవాడిది అని బేరంలో రాసుకొన్నప్పటికీ, పెరిగిన కిరాయిని చూపి కొన్నవాడు తరువాతి బేరంలో టవలు ధర తగ్గించమంటాడు. క్రిస్మసుకు దుకాణంలో ఉండవలసిన సరకు జనవరిలో చేరితే బేరమే పోతుంది.

మన దేశంలో రేవులు పెరుగుతున్నాయి. చాలాకాలం మన రేవుల్లోకి మహానౌకలు రాలేకపోయేవి. చిన్న ఓడలలో కొలంబోకో సింగపూరుకో పంపి, అక్కడ పెద్ద ఓడలోకి మార్పించేవారు. ఆ మార్పిడికి అయ్యే రోజులూ డబ్బూ మన సరకు మీదే పడేవి. ఈ లోటు తీర్చడానికి కేరళలోని విళింజంలో కట్టిన లోతైన రేవును 2025 మే 2న జాతికి అంకితం చేశారు. మహారాష్ట్రలో పాల్ఘర్ జిల్లాలోని వాఢవణ్ వద్ద 2024 ఆగస్టు 30న మరొక మహారేవుకు శంకుస్థాపన జరిగింది. దాని అంచనా వ్యయం సుమారు 76,000 కోట్ల రూపాయలు. అక్కడ సముద్రం లోతు సహజంగానే 20 మీటర్లకు చేరుతుంది. అయితే ఆ తీరపు జాలర్లు ఏండ్ల తరబడి ఈ రేవును వ్యతిరేకిస్తున్నారు. చేపలు గుడ్లు పెట్టే చోట రాళ్ళూ ఇసుకా పోసి నేల చేస్తే తమ వల ఎక్కడ వేయాలన్నది వారి ప్రశ్న. టవలు తొందరగా ఓడ ఎక్కాలన్న కోరికా న్యాయమే, ఆ ప్రశ్నా న్యాయమే. సోలాపూరువారికి న్హావా శేవా కంటే వాఢవణ్ దూరం కూడా.

శ్రావణ పౌర్ణమినాడు సోలాపూరులో మార్కండేయుని రథం ఊరేగుతుంది. ఆ రోజు సాంచాలు ఆగుతాయి, విడీ ఘర్కుల్ వాసులు పిల్లలను వెంటబెట్టుకొని రథం చూడడానికి పాత ఊరికి వెళ్తారు. మరాఠీవారు ఆ పున్నమిని నారళీ పూర్ణిమ అంటారు. కొంకణ తీరంలోని కోలీ జాలర్లు వానాకాలమంతా ఒడ్డున నిలిపిన పడవలను అలంకరించి, సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి, మళ్ళీ నీటిలోకి దిగే రోజు అది.