సంగటి, ఒక్కపొద్దు, మెట్ల దారి: షుగరు ఉన్నవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

షుగరు ఉందని తెలియగానే మనవాళ్లు చేసే మొదటి పని కాఫీలో చక్కెర మానేయడం. రెండోది అన్నం వదిలి సంగటికి మారడం. అక్కడితో జాగ్రత్తంతా అయిపోయిందనుకుంటారు. రేణిగుంట, తిరుపతి వైపు షుగరువాళ్లను దెబ్బతీసేవి లడ్డూలూ జిలేబీలూ మాత్రమే కావు. మంచిదని నమ్మి చేసే పనులూ దెబ్బతీస్తాయి. వాటి దగ్గర మనం కాపలా పెట్టుకోం కదా!

సంగటి దగ్గర

రాగుల్లో పీచు ఉంది, కాల్షియం ఉంది, కాదనేదేమీ లేదు. కానీ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పైగా మనం బియ్యమో నూకలో ఉడకబెట్టి, అందులో రాగిపిండి పోసి గెలుకుతాం. హోటల్లో వేసే ముద్ద ఒక్కోచోట చిన్న టెంకాయంత ఉంటుంది. దాన్ని పులుసులో అద్ది నమలకుండా మింగేస్తే షుగరు అన్నం తిన్నట్టే ఎక్కుతుంది.

చేయవలసింది: ముద్ద పిడికిలి దాటకూడదు. పళ్లెంలో సగం పులగూరో కూరగాయలో ఉండాలి. పావు వంతు అలసందలు, పప్పు, గుడ్డు, కాలమైతే పితికిపప్పు. ముందు కూర తిని, తర్వాత ముద్ద ముట్టుకోండి. తిన్న వెంటనే మంచమెక్కకుండా పది, పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. మీ ఒంటికి ఏది పడుతుందో పక్కింటివాళ్లను అడగక్కర్లేదు. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి. చాలామందికి 180 లోపు ఉంటే సరే.

చేయకూడనిది: రాగిజావలో బెల్లం. తాటిబెల్లమైనా అంతే, ఒంట్లోకి వెళ్లాక అదీ చక్కెరే. బేనీషా మామిడి కాలంలో ఒకటి రెండు ముక్కలు తినొచ్చు, ఆ పూట ముద్ద తగ్గించాలి. జ్యూసు మాత్రం వద్దు.

ఒక్కపొద్దు నాడు

పెరటాసి నెల శనివారాల్లో ఒక్కపొద్దు ఉండని ఇల్లు ఈ వైపు తక్కువ. షుగరు మాత్రలన్నీ ఒకే రకమైతే ఇంత చెప్పే పని లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగరు పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ అలా కాదు. మనం తిన్నా తినకపోయినా అవి షుగరును దించుతూనే ఉంటాయి. పొద్దున మాత్ర వేసుకుని సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో ఉంటే చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబాటు. ఉపవాసం వల్ల నీరసం అనుకుని పడుకోబెట్టడమే ఇంట్లోవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

చేయవలసింది: పెరటాసికి ముందే డాక్టరును కలిసి ఆ రోజుల మోతాదు అడగండి. షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోండి. పెరగకపోతే మరోసారి తాగండి, పెరిగాక ఏదైనా తినండి. ఒక్కపొద్దు మధ్యలోనే అయినా సరే.

చేయకూడనివి: మాత్రలు సొంతంగా మానేయడం, ఒక పూటవి రెండో పూట కలిపి వేసుకోవడం. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, 108కి ఫోన్ చేయండి.

మెట్ల దారిలో

అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388. ఎక్కువమంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ఎండకు కాలిన రాయి మీద నడిచి బొబ్బ లేచినా తెలియదు. కొండ దిగి ఇంటికొచ్చాక వేసుకున్న సాక్సు తడిగా కనిపిస్తే గానీ పుండు సంగతి బయటపడదు. షుగరు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు నడిచి రావద్దని టీటీడీ 2024లో సూచించింది. మొక్కు ఉందంటారా? బస్సులో వెళ్లి మొక్కు తీర్చుకున్నా స్వామి లెక్కలో తేడా ఉంటుందని నేననుకోను.

చేయవలసింది: రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే అద్దం నేల మీద పెట్టి చూడండి. చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బూటు తొడిగే ముందు దులపండి, లోపలి రాయి కాలికి తెలియకపోవచ్చు.

చేయకూడనివి: ఆనెకాయను బ్లేడుతో కోయడం, తిమ్మిరికి వేడినీళ్ల కాపడం, పుండుకు పసుపు పెట్టి వారాలు చూడటం.

మిగతావి క్లుప్తంగా. నైట్‌డ్యూటీ చేసే రైల్వేవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు పెద్ద భోజనం డ్యూటీకి ముందే ముగించి, అర్ధరాత్రి బోండాలకు బదులు గుప్పెడు చెనక్కాయలు దగ్గర పెట్టుకోవాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి, కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఏడాదికోసారి. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. ఫ్రిజ్ లేకుంటే కవరులో చుట్టి, తడిపిన మట్టికుండలో నీడపట్టున పెట్టండి. రేణిగుంట ఎండలో బండి డిక్కీలో ఒక్క గంట కూడా వద్దు. విమానమెక్కేవాళ్లు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి. కింద సామాన్ల అరలో గడ్డకడితే ఆ మందు మళ్లీ పనికిరాదు.