డీజిల్ ఇంజను వేయించాక కారు వణుకుతోంది: ఎవరిని నిలదీయాలి?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పెట్రోలు అంబాసిడర్‌లో పాత ఇంజను తీయించి, సెకండ్‌హ్యాండ్ డీజిల్ ఇంజను వేయించాను. బండి ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచీ స్టార్ట్ చేసి నిలబెడితే చాలు, స్టీరింగు, గేరు రాడ్డు, డోరు అద్దాలు అన్నీ వణుకుతున్నాయి. ఎన్నిసార్లు తీసుకెళ్లినా "డీజిల్ బండి సార్, అలాగే ఉంటుంది" అంటున్నాడు మెకానిక్. ఇప్పుడు మౌంటింగులు మార్చాలని మళ్లీ డబ్బు అడుగుతున్నాడు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: వెళ్లొచ్చు. అయితే మీ ఉత్తరంలో ఎక్కడా కనబడని ఒక విషయం ముందు తేల్చుకోవాలి. సీ-బుక్కులో (ఆర్సీలో) ఇంజను నంబరు, ఇంధనం మార్పించారా? మార్పించకపోతే, వణుకు కన్నా పెద్ద చిక్కు అక్కడే ఉంది. రేపు మీరు కేసు వేస్తే అవతలి వకీలు మొదట పట్టుకునేది కూడా దాన్నే.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి మారాలంటే కన్వర్షన్ కిట్ ద్వారా, నిర్దేశించిన షరతులకు లోబడి మారొచ్చని అదే సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. తుక్కు బండి నుంచి తీసిన డీజిల్ ఇంజను అలాంటి కిట్ కాదు. బండిలో మార్పు జరిగితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలని కూడా అందులోనే ఉంది. తెలియజేసినంత మాత్రాన అనుమతి లేని మార్పు సక్రమం అయిపోదు. తయారీదారు ఇచ్చిన మౌలిక స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదని కేరళ నుంచి వచ్చిన కె. జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

కంగారు పడమని కాదు. ఒక దారి ప్రయత్నించవచ్చు. అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ డీజిల్ ఇంజనుతో కూడా అమ్మింది. మీ మోడల్‌లో కంపెనీయే ఇచ్చిన డీజిల్ ఇంజను రకమే మీరు వేయించి ఉంటే, ఆర్టీఓ దగ్గర మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. వేరే కంపెనీ వ్యాను ఇంజను అయితే ఆ ఆధారం ఉండదు. ఏదైనా సరే, కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగి వచ్చేయకండి. ఇంజను కొన్న బిల్లు, అది ఏ బండి నుంచి తీశారో చూపే కాగితాలు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు ఇవ్వండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. అనుమతి ఇవ్వకపోతే కారణంతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. దానిపై 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు సెక్షన్ 57 మీకిచ్చింది.

ఇంజను కొన్న బిల్లు అన్నానుగా, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత ఇంజన్లు చేతులు మారే చోట చిత్తు కాగితం మీద లెక్క రాసివ్వడం మామూలే. ఆ ఇంజను దొంగ బండిదని తేలితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పుకోవాలి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. బిల్లు మీద ఇంజను నంబరు ఉండాలి.

ఇక వణుకు సంగతి. మెకానిక్ మాటలో కొంత నిజం ఉంది, అంతా నిజం కాదు. ఆ కాలం పెట్రోలు ఇంజన్లలో కంప్రెషన్ ఏడెనిమిది రెట్లు ఉంటే, డీజిల్‌లో ఇరవై రెట్ల దాకా ఉంటుంది. కాబట్టి ప్రతి పేలుడూ గట్టిగానే తగులుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక్కసారి తిరిగితే రెండు పేలుళ్లు జరుగుతాయి. నిమిషానికి 750 చుట్ల ఐడిలింగ్‌లో అది సెకనుకు 25. ఆ 25 దెబ్బలూ ఛాసిస్‌కి చేరకుండా ఆపాల్సినవి మౌంటింగు రబ్బర్లు. అవి ఇంజను బరువుకు తగినంత మెత్తగా ఉండాలి. తేలికపాటి పెట్రోలు ఇంజనుకు పెట్టిన రబ్బర్లనే బరువైన డీజిల్ ఇంజను కింద ఉంచేస్తే అవి అణిగిపోయి దాదాపు ఇనుములాగే ఉంటాయి. వణుకంతా బాడీకి ఎక్కుతుంది. మరీ మెత్తనివి వేస్తే ఇంజను ఊగి పక్కవాటికి తగులుతుంది. సరైన రబ్బరు ఎంచడం, బ్రాకెట్టు సరైన చోట కూర్చోబెట్టడం ఇంజను మార్చే పనిలో భాగమే. దాన్ని వేరే పనిగా చూపించి మళ్లీ డబ్బు అడగటం న్యాయం కాదని నా అభిప్రాయం.

కేసు నిలబడాలంటే వణుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. బండి నిలబడి ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, కాస్త యాక్సిలరేటర్ తొక్కగానే తగ్గితే మౌంటింగులు, ఐడిలింగ్ సెట్టింగు, నాజిళ్లు, పంపు టైమింగు చూడాలి. బండి వేగంతో పాటు పెరుగుతూ, న్యూట్రల్‌లో దొర్లించినా ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టు కోణమో చక్రాల బ్యాలెన్సో కారణం కావచ్చు. మీ బండి నిలబడే వణుకుతోందన్నారు కాబట్టి మొదటి జాబితాయే ముందు. ర్యాంపు ఎక్కించి టార్చి వేసి చూడండి. బ్రాకెట్టు వెల్డింగు దగ్గర వెంట్రుకవాసి చీలిక ఉందా? రబ్బరు డీజిల్‌తో తడిసి ఉబ్బిందా? సైలెన్సరు పైపు బాడీకి తగిలిన చోట మెరుపు గీత పడిందా? బ్రేకు పైపు గానీ డీజిల్ పైపు గానీ ఇనుముకు రాసుకుని అరుగుతోందా? ఈ చివరిది కనిపిస్తే బండి రోడ్డెక్కించకండి. బ్రేకు పైపు తెగినా, వేడి సైలెన్సరు మీద డీజిల్ కారినా ప్రాణాల మీదికి వస్తుంది. తేదీ కనబడేలా ఫోటోలు, వీడియో తీసి పెట్టుకోండి. బండి చూసిన వేరే మెకానిక్‌తోనో, లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరుతోనో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీకు రెండు ఆధారాలు ఇస్తోంది. పని నాసిగా చేయడం సేవా లోపం. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవా లోపమేనని సెక్షన్ 2(11) స్పష్టంగా చెబుతోంది. ఇంజను మారిస్తే ఆర్టీఓ అనుమతి కావాలని, ఇంధనం మార్చడం కష్టమని రోజూ ఇదే పని చేసే గ్యారేజీకి తెలియకుండా ఉండదు. మీకు చెప్పకుండా డబ్బు తీసుకుని ఉంటే అది దాచడమే. "నువ్వే అడిగావు కదా" అని వాళ్లు వాదిస్తారు. మీకు ముందే చెప్పినట్టు ఏ కాగితమూ, ఏ వాట్సాప్ మెసేజీ లేకపోతే ఆ వాదన బలహీనం. కానీ మీరు తెలిసీ చేయించుకుని ఉంటే, వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) ముందు అది దాచకండి. దాచి దొరికిపోతే మీ మిగతా మాటలన్నీ తేలిపోతాయి.

ముందు గ్యారేజీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఏ రోజు ఎంత చెల్లించారు, లోపం ఏమిటి, ఏం కోరుతున్నారు అన్నది రాసి 15 రోజుల గడువు పెట్టండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. చాలా తగవులు అక్కడే తీరతాయి. తీరకపోతే జిల్లా కమిషన్. గ్యారేజీ వేరే జిల్లాలో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వస్తువులో లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే, తగిన ల్యాబుకు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. "వచ్చే వారం చూద్దాం సార్" అని గ్యారేజీ చెబుతూ ఉంటే ఆ గడువు మీకు తెలియకుండానే కరిగిపోతుంది.

  

బీమా కంపెనీకి చెప్పలేదనుకుంటాను. పెట్రోలు కారుగా పాలసీ తీసుకుని డీజిల్‌తో నడుపుతుంటే, ప్రమాదంలో మీ కారుకు జరిగిన నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించే అవకాశం ఎక్కువ. మీ బండి తగిలి ఎవరైనా గాయపడితే పరిస్థితి కొంత వేరు. అక్కడ కంపెనీ ఏ కారణాలు చూపి తప్పుకోవచ్చో చట్టం పరిమితం చేసింది. అయినా వాస్తవాలు దాచి పాలసీ తీసుకున్నారన్న వాదన మాత్రం కంపెనీకి మిగిలే ఉంటుంది. కాబట్టి ఈ వ్యవహారం తేలేవరకు బండి షెడ్డులోనే ఉంచండి.

మరొక్క మాట. మీ పాత పెట్రోలు ఇంజను ఎక్కడుంది? గ్యారేజీలోనే ఉంటే ఈరోజే అడగండి. అది మీ సొత్తు. ధర తగ్గించుకుని ఇచ్చేయడానికి మీరు ఒప్పుకోనంతవరకు వాళ్లు అమ్ముకోకూడదు. సీ-బుక్కులో ఉన్నది ఆ ఇంజను నంబరే. ఆర్టీఓ అనుమతి రాకపోతే బండిని మళ్లీ చట్టబద్ధంగా రోడ్డెక్కించడానికి మీకు తిన్నగా ఉన్న దారి అదొక్కటే. దాన్ని తిరిగి బిగించే ఖర్చును కూడా గ్యారేజీపై వేసే ఫిర్యాదులో నష్టపరిహారంగా కోరండి.