గేమ్ ఇంజన్ల లైసెన్సు వ్యాపారం

వీడియో గేమ్‌లో బొమ్మల కదలికకు, వెలుగునీడలకు ఆధారమైన ప్రోగ్రాముల సముదాయమే గేమ్ ఇంజన్. దీనిని ప్రతి సంస్థా స్వయంగా నిర్మించుకొననవసరం లేదు, లైసెన్సుపై పొందవచ్చును. 1998లో వాల్వ్ సంస్థ వెలువరించిన ‘హాఫ్-లైఫ్’, ఐడి సాఫ్ట్‌వేర్ వారి ‘క్వేక్’ ఇంజన్‌ను సంస్కరించి నిర్మించినదే.

ప్రతిఫలం చెల్లించు పద్ధతులు పలు విధములు. ఎపిక్ సంస్థ 2015లో అన్‌రియల్ ఇంజన్-4ను ఉచితంగా అందించి, నిర్ణీత పరిమితి దాటిన రాబడిలో 5 శాతం రాయల్టీగా కోరింది. యూనిటీ సంస్థ 2023 సెప్టెంబరులో, కొంత స్థాయి మించిన గేమ్‌లకు, కొత్తగా ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ రుసుము విధింపనున్నట్లు ప్రకటించింది. నిర్మాతలు తీవ్రంగా నిరసించారు. 2024లో ఆ రుసుము రద్దయింది.

నిర్మాణం మధ్యలో ఇంజన్‌ను మార్చుట, గోడలు లేచిన ఇంటికి పునాది మార్చుట వంటిది. కావున ధరతోపాటు, షరతులను మార్చే హక్కు ఎవరిదో ముందే పరిశీలించుట వివేకం.