లంక చుట్ట, బస్తర్ వాన

ప్రశ్న: మేం జగదల్‌పూర్‌లో ఉంటాం. గోదావరి వైపు నుంచి బంధువులు తెచ్చే లంక పొగాకు చుట్టలు వానాకాలంలో బూజు పడుతున్నాయి. మంచి చుట్టను ఎలా ఎంచుకోవాలి? ఎలా దాచుకోవాలి?

జవాబు: చుట్టను వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా ఉండాలి. గట్టి ముడి తగిలితే పొగ లాగదు. గుల్లగా ఉంటే తొందరగా కాలి నోరు మండిస్తుంది. అమ్మోనియా ఘాటు వస్తే ఆకు ఇంకా మాగలేదు. మీ అడవుల్లో వేసవిలో కోసే తునికాకు బీడీకి పనికొస్తుంది. చుట్టకు మాత్రం పై ఆకు కూడా పొగాకే ఉండాలి.

నిల్వకు 65-70 శాతం తేమ చాలు. బస్తర్ వానల్లో గాలి చొరని గాజు సీసాలో, తేమ కొలిచే చిన్న మీటరుతో పాటు పెట్టండి. తేమ పెరిగితే సిలికా జెల్ పొట్లం వేయండి. బూజు పట్టినదాన్ని తుడిచి కాల్చకండి, పారేయండి.

రుచి తెలియాలంటే నిమిషానికి ఒక్క దమ్ము చాలు. పొగ నోట్లోనే ఉంచి వదలాలి. లంక ఆకు ఘాటైనది కాబట్టి ఖాళీ కడుపుతో వద్దు.

అయితే పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు. ఉత్తరాంధ్రలో నిప్పు కొసను నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్లు వచ్చాయని వైద్యులు ఎప్పుడో తేల్చారు. అలవాటు లేకపోతే మొదలుపెట్టకండి. ఉంటే తగ్గించుకుంటూ మానేయండి. పిల్లలున్న ఇంట్లో అసలే వెలిగించకండి.