గన్నవరమునుండి చెన్నపురికి ఆకాశమార్గము

ఈ దూరమును మనము అట్లాసుతోనే గణింపవచ్చును. గన్నవరము ఉత్తర అక్షాంశము సుమారు 16½ డిగ్రీలు; చెన్నపురి మీనంబాకము 13. వ్యత్యాసము 3½. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 388½ వచ్చును. మీనంబాకము కొంచెము పడమరగా నుండుటచే దూరము సుమారు 400 కిలోమీటర్లగును. బెజవాడనుండి రైలుమార్గము 431.

గంటకు 500 కిలోమీటర్లు పోవు విమానమునకు ఇది 48 నిమిషముల పని. కాని నేలపై పరుగు, పైకెగయుట, దిగుట చేర్చినచో గంట దాటును. బెజవాడనుండి గన్నవరమునకు సుమారు 20 కిలోమీటర్లు. తనిఖీలకై ముందుగా చేరవలెను. కావున పరీక్షకో, వైద్యమునకో పోవువారు 48 నిమిషములను నమ్మి బయలుదేరరాదు. ఇంటి గడపనుండి గమ్యపు గడపవరకు పట్టునదియే ప్రయాణకాలమని మనము గ్రహింపవలెను.